నీళ్ళలో ఊపిరాడని కొర్రమట్టలు

1935 వేసవి. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్య ఒక చిన్న స్టేషనులో నేను పార్సిల్ గుమాస్తాని. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరమక్షరం కూడబలుక్కుంటూ నేర్చుకున్నది రైల్వే నిబంధనల పుస్తకం నుంచే. అందుకే ఆ పుస్తకంలో మాటంటే నాకు అంత గురి.

ఒక ఉదయం కొల్లేటి లంక నుంచి నాగమ్మ పన్నెండు కిరసనాయిలు డబ్బాలతో ఎడ్లబండి దిగింది. చేపలు పట్టే ఇంటి మనిషి. ఆ లంకలో చేపంతా ఒక్క షావుకారే కొనేవాడు. ఎండాకాలం వస్తే చచ్చిన చేపంటూ ముక్కు మూసుకుని, తనకు తోచింది విదిల్చి పట్టుకుపోయేవాడు. బతికున్న చేపను మనమే మద్రాసు పంపుదామని నలభై ఇళ్ళను ఒప్పించింది నాగమ్మ. వాళ్ళందరి వారం వేటా ఆ డబ్బాల్లో ఉంది.

మూత తీసి చూశాను. అడుగున బెత్తెడు నీళ్ళు, పైన తడి తుంగ. మూతలకు చిల్లులు.

“ఇదేంటి నాగమ్మా, చేపకి నీళ్ళు కూడా పొయ్యలేదు? ఈ చిల్లుల్లోంచి కారి పక్క పార్సిళ్ళు తడిసిపోవూ?”

“నిండా పోస్తే చచ్చిపోద్దండి బాబుగారూ. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకోవాలండి.”

“అయితే చేప నీళ్ళలో మునిగి చస్తుందంటావు!”

ప్లాట్‌ఫారం మీదున్న వాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగానే రుచించింది.

నీళ్ళున్న డబ్బాకు మూత బిగించాలని నిబంధన. పంపు నీళ్ళు నిండా పోయించి, చిల్లులు లక్కతో మూయించి పంపాను. మద్రాసులో దించుకున్న వర్తకుడు తంతి కొట్టాడు: ఒక్కటీ బతకలేదని.

నాగమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి మూడే డబ్బాలు. తక్కిన ఇళ్ళవాళ్ళు షావుకారు దగ్గరికే వెళ్ళిపోయారట. తిడుతుందనుకున్నాను.

“ఇయ్యి కూడా పోతే మా లంకలో నా మాట ఇంకెవరూ వినరండి,” అని మాత్రం అంది. రెండు బాల్చీలు అడిగింది. ఒకదాంట్లో అంచుదాకా నీళ్ళు పోసి, చేపను వదిలి, పైన పళ్ళెం బోర్లించి రాయి పెట్టింది. రెండోదాంట్లో బెత్తెడు నీళ్ళూ తుంగా వేసి ఇంకో చేపను వదిలింది.

“బండొచ్చేదాకా ఇక్కడే కూర్చోండి బాబుగారూ. ఆ పుస్తకం కూడా తెచ్చుకోండి.”

కూర్చున్నాను. మొదటి బాల్చీలో పళ్ళెం దడదడలాడింది. తర్వాత అప్పుడప్పుడూ. తర్వాత లేదు. రెండోదాంట్లోది తోక విదిల్చి నా చొక్కా తడిపింది.

పుస్తకం తిరగేస్తే ‘ఓనర్స్ రిస్క్’ అనే పద్ధతి ఉండనే ఉంది. సరుకు పాడైతే బాధ్యత పంపినవాళ్ళది, కట్టే తీరు వాళ్ళ ఇష్టం. మొదటిసారి ఆ పేజీ తిప్పడానికే నాకు బద్ధకమైంది. డబ్బాల కింద గోనెలు పరిపించి, ఆమె కట్టినవి కట్టినట్టే పంపాను.

మూడు డబ్బాలూ బతికే చేరాయి. వానలు పడేనాటికి నలభై ఇళ్ళూ నాగమ్మ వెనక నిలబడ్డాయి. రెండేళ్ళలో లంకకు సరుకు మోసే సొంత పడవ వచ్చింది, పిల్లలకు పంతులొచ్చాడు. పొద్దున్నే ప్లాట్‌ఫారం చివరిదాకా డబ్బాల వరస, ఆ తడి తుంగ వాసన! ఎంత కళగా ఉండేదో మా స్టేషను.

మొన్న ఒక సభలో ఎవరో పెద్దమనిషి, కొల్లేటివాళ్ళకు వ్యాపారం నేర్పింది చదువుకున్నవాళ్ళేనని దంచేశాడు. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం పట్టుకున్నవాళ్ళం ఏం నేర్పామయ్యా? నేను చేసిన ఉపకారం పన్నెండు డబ్బాల చేపల్ని చంపడం. నాగమ్మ దగ్గర నేర్చుకున్నది మాత్రం రిటైరయ్యేదాకా పనికొచ్చింది: ఎవరు ఏ సరుకు తెచ్చినా, “దీన్ని ఎలా పంపమంటారండీ?” అని ముందు వాళ్ళనే అడిగేవాణ్ణి.