కుడి అద్దం మీది ఊపిరి

దయ్యాల కథలు ఎవరైనా చెబితే, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు వెలుతురు ఎంత అని అడిగేవాణ్ణి. బడికి పోలేదు. లెక్కలు నాకు నేనే నేర్చుకుని, శామీర్‌పేట చుట్టుపక్కల భూములు కొలుస్తూ బతికాను. కొలతకు అందనిదాన్ని నమ్మలేదు. అందుకే ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. నా బిడ్డ రూతమ్మకు తొమ్మిది రోజులుగా జ్వరం. పదో నాడు తెల్లవారాక లాల్‌గడి మలక్‌పేట దొర తన కారు ఇచ్చాడు. సికింద్రాబాదు ఆసుపత్రికి బయలుదేరాం. ముందు కుడివైపు డ్రైవర్ ఖాజా, ఎడమవైపు నేను. వెనక సీట్లో ఎడమ తలుపు పక్కన నా భార్య సారమ్మ, ఆమె ఒడిలో బిడ్డ తల. బిడ్డ కాళ్లు కుడి తలుపు వైపు.

బయట చలి. సారమ్మ అద్దాలన్నీ మూయించింది. మైలు పోకముందే లోపల ఆవిరి పట్టి దారి కనిపించలేదు. నేను అరచేత్తో తుడిచాను.

"చెయ్యి పెట్టకు అన్నా, జిడ్డుకు ఆవిరి ఇంకా జల్దీ పడ్తది. పొడిగుడ్డ తీస్కో. అన్ని అద్దాలు రెండు వేళ్లంత దించు" అన్నాడు ఖాజా.

"జరం పిల్లకు సల్లగాలి తగుల్తది!" అంది సారమ్మ.

"తొవ్వ కనవడకుంటే అందరం చెరువుల తానం జేస్తం వదినా!"

బిడ్డకు గొంగడి కప్పి, నాలుగు అద్దాలూ రెండు వేళ్లంత దించాం. ఖాజా బండి ఆపి, ముందు అద్దానికి లోపల ఎండిన సబ్బుముక్క రుద్ది, మరక పోయేదాకా పొడిగుడ్డతో తుడిచాడు. మిగతావి నేను తుడిచాను. తూంకుంట దాకా ఏ అద్దం మీదా మసక లేదు.

అక్కడ సారమ్మ కేక పెట్టింది. "బిడ్డకు ఊపిరి ఆడుత లేదు! ఇగ ఇంటికి తిప్పుండ్రి."

ముక్కు దగ్గర వేలు పెట్టాను. గాలి తగల్లేదు. నాడి దొరకలేదు. ఖాజా బండి ఆపి నా ముఖం చూశాడు. తిప్పమనడానికే నోరు తెరిచాను.

అప్పుడు వెనక కుడి అద్దం మీద, బిడ్డ కాళ్ల దగ్గర, అరచేతంత మసక కనిపించింది. చిన్నదవుతూ మాయమైంది. మళ్లీ వచ్చింది. వెనక్కి వంగి పొడిగుడ్డతో తుడిచాను. మళ్లీ వచ్చింది, మనిషి ఊపిరి తీసి వదిలినట్టు. అరవై లెక్కపెట్టేలోపు పద్నాలుగుసార్లు.

"నడుపు. ఊపిరి ఉన్నది" అన్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, బతికే ఉందంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదంది. ఇరవై రెండు రోజులకు బిడ్డ నడిచి ఇంటికొచ్చింది.

ఆ చలికాలంలోనే మూడు పొద్దులు ఆ కారులో బిడ్డను అలాగే పడుకోబెట్టి, అద్దాలు అంతే దించి చూశాను. ఆమె మూతి నుంచి ఆ అద్దానికి రెండున్నర మూరలు. ఎంత గట్టిగా ఊదినా ఆ అద్దం మసకబారలేదు.

"బాపూ, నా పానం పొయ్యేదాక ఊదిపిస్తవా ఏంది?" అని నవ్వింది.

ఆ నవ్వు విని గుడ్డ మడిచి పెట్టేశాను. ఆ రోజు అద్దం మీద ఊపిరి విడిచిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. లెక్క మాత్రం తప్పలేదు, పద్నాలుగే.