ఉతకని చొక్కా

ఆ వీధిలో ఆవిడని అందరూ సబ్బక్క అనేవారు. ఆవిడ దుప్పట్లు ఆరేస్తే, పక్కింటివాళ్లు సిగ్గుపడి తమ దండెం పెరటివైపు మార్చుకున్నారంటే ఆ తెలుపు ఎలాంటిదో మీరే ఊహించుకోండి. బట్ట మీద మరక ఉంటే ఆవిడకి కంట్లో నలుసు పడ్డట్టే.

వీధి చివర పాత టైర్లు కాల్చి నూనె తీసే బట్టీ ఒకటుండేది. కిటికీలు మూసినా దాని పొగ ఆగేది కాదు. సబ్బక్క భర్త దగ్గి దగ్గి మంచాన పడి, నిరుటి వానల్లో కన్నుమూశాడు. ఏడ్చే ఓపిక లేక ఆవిడ బట్టలు ఉతుక్కుంటూ ఉండిపోయింది. ఇప్పుడు ఇంకా నడకైనా రాని పసి మనవరాలికి అదే దగ్గు పట్టుకుంది. అది వినపడితే చాలు, సబ్బక్క చేతిలో బట్ట వదిలేసి పరిగెత్తేది.

బట్టీ యజమానిని అడిగితే, "అది మీ వంటిళ్ల పొగేనమ్మా, నా నెత్తిన రుద్దకండి" అన్నాడు. అధికారులేమో రుజువు చూపించమన్నారు. అప్పుడు ఆ వీధిలోనే ఉండే సైన్సు టీచరమ్మ ఒక ఉపాయం చెప్పింది. బట్టీ చుట్టూ ఉన్న వీధులన్నిటిలో ఇంటికో తెల్లగుడ్డ మేడ మీద కట్టాలి. వారం పాటు ముట్టుకోకూడదు. ఏ గుడ్డ ఎంత నల్లబడిందో చూస్తే, మసి ఎక్కణ్ణించి వస్తోందో తెలిసిపోతుంది.

వీధిలో అందరి బట్టలూ కుట్టే కుట్టుమిషన్ వదిన గుడ్డలు కత్తిరించి పంచింది. వారం తర్వాత టీచరమ్మ మేడలెక్కి చూస్తే ఏముంది, అన్నీ తళతళా మెరుస్తున్నాయి.

"ఇదేంటండీ, ఉతికేశారా?"

"మరి? మీరు చూడ్డానికొస్తుంటే మురికిగుడ్డ ఎలా ఉంచుతామమ్మా?" అంది కుట్టుమిషన్ వదిన.

"నేను నీలిమందు కూడా పెట్టాను" అంది సబ్బక్క మెల్లిగా.

టీచరమ్మ మెట్ల మీద కూలబడి తల పట్టుకుంది. సంగతి ఆ నోటా ఈ నోటా బట్టీదాకా పాకింది. "తెల్లగానే ఉన్నాయట కదా, ఇంక నాదేం తప్పు?" అని యజమాని వెక్కిరించాడట.

ఆ మధ్యాహ్నం దగ్గుతున్న పిల్ల వీపు నిమురుతూ సబ్బక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. భర్త చొక్కా కాలర్లకి పట్టిన మసిని అన్నేళ్లూ రుద్ది రుద్ది వదలగొట్టింది తనే. రుజువు రోజూ తన చేతుల్లోకే వచ్చింది. రోజూ నీళ్లపాలు చేసింది.

పెట్టెలోంచి ఆయన తెల్లచొక్కా తీసి మేడ మీద కట్టింది. ఇంట్లో ఉన్న సబ్బులన్నీ మూటగట్టి కుట్టుమిషన్ వదిన చేతిలో పెట్టింది.

"కాళ్లావేళ్లా పడి అడిగినా నాకివ్వకు."

"మరి స్నానానికో?"

"నీళ్లున్నాయిగా."

ఈసారి వీధివీధికీ తిరిగి ఆవిడే చెప్పింది. "పరువు పోతుందని ఉతక్కండమ్మా. ఆ మురికి మనది కాదు." ఆ మాట అందరికీ తగిలింది. ఎవరైనా బకెట్ పట్టుకుని మెట్లెక్కబోతే ఎదురింటివాళ్లు, "ఎక్కడికే, దిగు" అని గదమాయించేవారు.

వారం తిరిగాక పెద్ద అధికారి సబ్బక్క మేడ ఎక్కి చుట్టూ చూశాడు. బట్టీ పక్క ఇళ్ల గుడ్డలు బొగ్గులా ఉన్నాయి. ఆ వెనక వీధిలోవి బూడిదరంగు. దూరం పోయేకొద్దీ తెలుపు.

"వంటిళ్ల పొగే సార్" అంది కుట్టుమిషన్ వదిన. "కాకపోతే మేమందరం ఆ గోడ పక్కకెళ్లి వండుకుంటున్నట్టున్నాం."

అధికారి నవ్వాపుకుని నల్లచొక్కా ముందు ఆగాడు. "ఇదెవరిదమ్మా?"

"మావారిది. తీసుకెళ్లి అందరికీ చూపించండి. మళ్లీ నాది నాకివ్వండి."

చొక్కా తిరిగొచ్చేసరికి బట్టీకి తాళం పడింది. వీధులన్నీ మేడలెక్కి చప్పట్లు కొట్టాయి. కుట్టుమిషన్ వదిన సబ్బుల మూట నెత్తిన పెట్టుకుని ఊరేగింపులా వచ్చింది. సబ్బక్క పొద్దున్నంతా ఆ చొక్కా ఉతుకుతూనే గడిపింది.

సాయంత్రం మనవరాలిని చంకనేసుకుని మేడెక్కి, ఆరిన కాలరు మీద వేలు రాసి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు. కింద పక్కింటివాళ్లు తమ దండెం మళ్లీ వీధివైపుకి కట్టుకుంటున్నారు.

పిల్ల చొక్కా చెయ్యి పట్టుకు లాగి కిలకిలా నవ్వింది. సబ్బక్క ఊపిరి బిగబట్టి విన్నది. నవ్వు నవ్వుగానే పూర్తయింది, మధ్యలో దగ్గు రాలేదు.