శేషమ్మ నోటి హిందీ

త్రివేణి శ్రీకాకుళం వైపు పల్లె నుంచి రాయ్‌పూర్‌కు కోడలిగా వచ్చింది. మొగుడు ఈశ్వర్‌కు సిల్తారా ఇనుప ఫ్యాక్టరీలో పని. ఆరేళ్లయినా ఆమెకు హిందీ రాలేదు. ఎలా వస్తుంది? కూరగాయల బండి దగ్గర బేరమైనా, ఆసుపత్రిలో జబ్బు చెప్పుకోవడమైనా ముందు నోరు తెరిచేది అత్త శేషమ్మే.

మూడో కూతుర్ని కన్నప్పుడు నెత్తురు ఆగక త్రివేణి చచ్చి బతికింది. ఇంకో కాన్పయితే ప్రాణం దక్కదని డాక్టరు చెప్పింది. ఆ మాట త్రివేణి చెవిన వేసింది తోడొచ్చిన పక్కింటి తెలుగమ్మాయి లహరి. శేషమ్మ మాత్రం విననట్టే ఊరుకుంది.

బాలింతల ఇళ్లకు తిరిగే ఆరోగ్య కార్యకర్త, అక్కడివాళ్ల మితానిన్, ఒకరోజు వచ్చింది. ఇంకా పిల్లలు కావాలా, వద్దంటే సూదిమందుంది, కాపర్-టీ ఉంది అని హిందీలో అడిగింది.

"పిల్లలు సాలా అనడుగుతోందే," అంది శేషమ్మ.

"సాలత్తా! ఇంకోటైతే సచ్చిపోతాను. ఏదోటి ఎయ్యమను."

శేషమ్మ మితానిన్ వైపు తిరిగి నవ్వింది. "లడ్కా చాహియే బోల్తీ హై." మగపిల్లాడు కావాలంటోందట! ఆ నోరు పడిపోను. తర్వాత కోడలితో, "పాలిచ్చినన్నాళ్లూ ఏటీ అక్కర్నేదంట," అంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈశ్వర్‌తో చెప్పుకుంటే, "అమ్మకి తెల్దేటి?" అని అటు తిరిగి పడుకున్నాడు.

కొన్ని నెలలకు లహరి మాటల్లో అసలు సంగతి బయటపడింది. పాలిచ్చే తల్లులకూ కాపర్-టీ వేస్తారు, తనకూ వేశారు. త్రివేణి ఒళ్లు మండిపోయింది. మితానిన్‌తో మాట్లాడటానికి లహరి తోడొస్తానంటే, అత్తతో నీకు తగువెందుకని వద్దంది. నాకిక పిల్లలొద్దు, కాపర్-టీ వేయించండి అనే రెండు హిందీ ముక్కలు లహరి దగ్గరే నేర్చుకుని, అంట్లు తోముతూ వల్లె వేసుకుంది.

మితానిన్ మళ్లీ వచ్చినప్పుడు అత్త నోరు తెరవకముందే అనేసింది. "ముఝే ఔర్ బచ్చే నహీ చాహియే. కాపర్-టీ లగవా దో."

మితానిన్ సంతోషించింది. ముందు కడుపుందేమో పరీక్ష చేయాలని పట్టీ తీసింది. దాని మీద రెండు గీతలు తేలాయి. కాన్పయ్యాక ముట్టే రాలేదు కనుక త్రివేణికి ఏ అనుమానమూ కలగలేదు.

కడుపొచ్చింది, వద్దనుకుంటే ఇప్పుడే తీయించుకోవచ్చు, రేపే ఆసుపత్రికి తీసుకురండి అని మితానిన్ గబగబా హిందీలో చెప్పింది. త్రివేణికి ఒక్క ముక్క అర్థం కాలేదు. వచ్చిన రెండు ముక్కలే మళ్లీ అంది. మితానిన్ శేషమ్మకేసి చూసింది.

"లే ఆవూంగీ," తీసుకొస్తానని శేషమ్మ తలూపింది. మితానిన్ నమ్మి వెళ్లిపోయింది.

"ఏటందత్తా?"

"కడుపంట. బాగా తినమంది," అంది శేషమ్మ. "ఈపాలి మగపిల్లోడే."