నేను కొత్త అణువు కనిపెట్టిన మూడు గంటలు

పోయిన వారం నేను పెద్ద సైంటిస్టునైనాను. మూడు గంటలసేపు. ఆ పదవి ఎట్లా పోగొట్టుకున్నానో చెప్తాను, టీ తాగుతా వినండి.

మా కాలేజీ ల్యాబులో నాలుగేండ్లుగా ఒక మిషన్ కడుతున్నాం. ఎలక్ట్రాన్ స్పెక్ట్రోమీటర్. చిన్న గిన్నెలో పొడి వేసి, గాలంతా లాగేసి వేడి చేస్తే అణువులు పైకి లేస్తాయి, కొన్ని ఒంటరిగా, కొన్ని గుంపులుగా. వాటి మీద లైట్ కొడితే ఎలక్ట్రాన్లు ఊడి బయటికొస్తాయి. వాటి స్పీడ్ చూసి అది ఏ అణువో, ఎంత గుంపో చెప్పే కొత్త పద్ధతి మాది. అది పనిచేస్తుందని కమిటీకి చూపిస్తేనే నాకు ఇంకో ఏడాది ఫెలోషిప్. లేకుంటే మత్తిగిరిలో మామగారి ఎరువుల అంగట్లో కూర్చోవాల్సిందే. ఆయన నాకని స్టూలు కూడా కొనిపెట్టినాడు.

గిన్నెలు చేసిచ్చింది హోసూరు లేత్ షాపు మునియప్పన్న. ఒకటి వాడేదానికి, ఒకటి స్పేర్. కమిటీ వచ్చే ముందురోజు మిషన్ ఆన్ చేసేదానికి ఆయన్నీ పిలిచినాను. ఆయన మిషన్‌కి కుంకుమ బొట్టు పెట్టి, "ఇంతే చాలు సార్, ఆన్ చేయండి" అన్నాడు.

నాకు చాల్లేదు. "హారతి లేకుండా ఎట్లన్నా?" అన్నాను. కర్పూరం ఉంది, ప్లేటు లేదు. స్పేర్ గిన్నె తీసుకున్నాను.

"సార్, అది నేను చేసింది దీనికి కాదు కదా."

"స్పేరేలే అన్నా. సైన్సు సంగతి నేను చూసుకుంటా."

వెలిగించినాక పొగకు అలారం మోగుతుందేమోనని భయమేసింది. సగంలోనే మూతపెట్టి ఆర్పేసి, మసి తుడిచి, రెండో గిన్నె పక్కనే పెట్టినాను. రెండూ ఒకటే మాదిరి తళతళలాడుతున్నాయి. మునియప్పన్న పనితనం అట్లాంటిది.

మర్నాడు పొద్దున ఒక గిన్నెలో పొడి వేసి నడిపితే, గ్రాఫులో రావాల్సిన పీకులు, అంటే కొండకొనల మాదిరి లేచే గీతలు, వాటి పక్కన ఇంకో పీక్. మా పొడి మీద వచ్చిన ఏ పేపర్లోనూ అది లేదు. వెంటనే నా భార్యకు ఫోన్ చేసినాను.

"కొత్త అణువు దొరికిందే."

"దానికి నీ పేరు పెడతారా?"

"పెట్టొచ్చు" అన్నాను, వినయంగానే.

ఆమె వాళ్ళ నాన్నకు చెప్పింది. ఆయన స్టూలు వాపసిచ్చేదానికి పోయినాడు.

మధ్యాహ్నం కమిటీ ముందర ఆ పీక్‌ను స్క్రీన్ నిండా పెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడినాను. కమిటీ పెద్దాయన ఓపిగ్గా విని, "ఆ గిన్నె ఒకసారి తీయప్పా" అన్నారు. తీసిచ్చినాను. ముక్కు దగ్గర పెట్టుకుని, మా గైడ్ మేడమ్ చేతికిచ్చినారు. ఆమె కూడా వాసన చూసి నా వైపు తిరిగినారు.

"ఈడ పూజ చేసినావా అప్పా?"

పొద్దున నేను తీసుకున్నది హారతి గిన్నె. దాని అడుగున సందులో కర్పూరం మిగిలిపోయింది. నేను కనిపెట్టిన అణువు ప్రతి కిరాణా అంగట్లో డబ్బాల్లో దొరుకుతుంది.

ఫెలోషిప్ మాత్రం వచ్చింది. చిటికెడు కర్పూరాన్ని కూడా పట్టేసిందంటే పద్ధతి గట్టిదేనని ఒప్పుకున్నారు. రిపోర్టులో పెద్దాయన ఇట్లా రాసినారు: మిషన్‌ను పూర్తిగా నమ్మవచ్చు. నడిపే మనిషిని ఇంకో ఏడాది పరీక్షించాలి.