గీకిన గడప

నయాపైసలొచ్చినా జనం ఇంకా అణాల్లోనే మాట్లాడుకునే రోజులు. జహీరాబాదులో మేం మూడేళ్లు అద్దెకున్న ఇంటి యజమాని ఒక ముసలామె. భర్త పోయాక పక్క వాటాలో ఒంటరిగా ఉండేది. నేను ఆమెను వాళ్ల ఉర్దూలో ఖాలా, అంటే పిన్నీ, అనేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది. పిలుపులు తియ్యగానే ఉండేవి. లోపల మాత్రం ఆమె మీద నాకు మొదటినుంచీ అనుమానమే.

దానికి విత్తనం వేసింది ఎదురింటి పప్పుల వ్యాపారి భార్య. మేం దిగిన వారంలోనే నన్ను పక్కకు పిలిచి, "మీకంటె ముందుగాల ఉన్నోళ్లు ఖాళీ చేస్తుంటె గోడల మేకుబొక్కలు లెక్కబెట్టి, బొక్కకొక అణా కోసింది. జర చూస్కో" అని చెవిలో వేసింది. మేమప్పటికే మూడు నెలల కిరాయి, ముప్పై రూపాయలు, అడ్వాన్సుగా ఖాలా చేతిలో పెట్టి ఉన్నాం.

ఇక ఆమె ఏం చేసినా నాకు తనిఖీలాగే కనిపించేది. పెరుగు తోడుకని వస్తే గోడలు చూడ్డానికి వచ్చిందనుకునేదాన్ని. నిప్పుకని వస్తే వంటింటి మసి చూసిపోతోందనుకునేదాన్ని. అన్నిటికన్నా నాకు మండింది గడప దగ్గర ఆమె తీరు. నేను శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. ఆమె అక్కడికి రాగానే ఆగి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ కాలు తగలకుండా పెద్ద అంగ వేసి దాటేది. "మన పసుపంటే ఆమెకు అసహ్యం, చూడండి" అంటే, "ఖాళీ చేసేనాడు దానికి గూడ కోస్తది" అనేవాడు మా ఆయన.

ఆయన రోడ్ల ఆఫీసులో గుమాస్తా. సంగారెడ్డికి బదిలీ అయింది. అక్కడ ఇల్లు కుదిరింది గాని, ముప్పై రూపాయలు చేతిలో పెడితేనే తాళంచెవి ఇస్తానని ఆ ఇంటాయన కచ్చితంగా చెప్పాడు. మా దగ్గర లారీ కిరాయికి మించి పైసా లేదు. ఖాలా కోత పెడితే సామానుతో సహా రోడ్డున పడతాం.

అందుకని ఆఖరి రోజు తెల్లవారకముందే లేచాను. మేకుబొక్కల్లో సున్నం కూరాను. వంటింటి గోడకు వెల్ల వేశాను. మిగిలింది గడప. మూడేళ్ల పసుపు చెక్కలోకి ఇంకిపోయింది. సోడా నీళ్లు పోసి, ఇటుక పొడితో, కొబ్బరి పీచుతో తోమినా వదల్లేదు. చివరికి కూరగాయల చాకు తెచ్చి గీకాను. పసుపు పోయింది. దానితోపాటు చెక్క నునుపు కూడా పోయి తెల్లగా చారలు తేలాయి. కొసన చెక్కిన తీగలో రెండు ఆకులు ఊడొచ్చాయి. అయినా పసుపు లేదుగదా అని ధైర్యం చెప్పుకున్నాను.

లారీ వచ్చింది. మా ఆయన బయట సామానుకు తాళ్లు కట్టిస్తున్నాడు. ఖాలా కొంగున డబ్బు ముడివేసుకుని వచ్చింది. గడప చూసి ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

"ఏమైంది బిడ్డా? ఎవరన్న పోయిన్రా?"

నాకు అర్థం కాలేదు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ, "ఎవ్వరు పోలే ఖాలా. అంత కడిగిన. ఒక్క మరక లేకుంట అప్పజెప్తున్న" అన్నాను.

"మరకనా?" ఆమె మెల్లగా కింద కూర్చుని ఆ చెక్కను వేళ్లతో తడిమింది. "మీ ఇండ్లల్ల ఎవరన్న పోతెనే గడప బోడిగుంటది. అందుకె అడిగిన. నా కాలు తగిలి నీ పసుపు చెరుగుతదని మూడేండ్లు ఈ మోకాళ్లతోని ఎగిరి దాటిన. అది నాకు గిట్టదని నీకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను.

ఆమె ముడి విప్పి ముప్పై రూపాయలూ లెక్కబెట్టి నా చేతిలో పెట్టింది. అందులోంచి రెండు తిరిగి తీసుకుంది.

"ఇది పసుపుకు గాదు బిడ్డా. గీకినందుకు. చెక్క సాపు జేసే వడ్లాయనకు ఇయ్యాలె."

లారీలో మా ఆయన డబ్బు లెక్కబెట్టి, "రెండు తక్కువున్నయేంది?" అన్నాడు.

"గడపకు పట్టుకున్నది" అన్నాను.

"నేను చెప్పలే! పసుపుకు కోస్తదని!" అని పందెం గెలిచినవాడిలా డ్రైవరు వైపు తిరిగి నవ్వాడు. ఆ రెండు రూపాయలు ఆ డ్రైవరు దగ్గరే బదులు తీసుకుని సంగారెడ్డిలో తాళంచెవి సంపాదించాడు.

తర్వాత ఏళ్ల తరబడి ఇంటికొచ్చినవాళ్లందరికీ ఆయన ఆ కథ చెప్పేవాడు, పసుపు రాసినందుకు రెండు రూపాయలు కోసిన ముసలామె కథ. విన్నవాళ్లు ఆమెను నాలుగు మాటలని చాయ్ తాగి వెళ్లేవాళ్లు. ఆ చాయ్ పోసేది నేనే. ఒక్కసారి కూడా కాదనలేదు.