మామ మీదికి పోయిన పుట్టి

నేను కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని. నన్ను ఇచ్చింది మాత్రం శంషాబాదుకు అవతల, చెరువు తప్ప వేరే నీళ్లు ఎరగని ఊరికి. ఇప్పుడు విమానాలు దిగుతున్నాయే, ఆ వైపే. పిల్లను చూడవచ్చినప్పుడు మా అత్త అడిగిన మొదటి మాట, "పిల్లకు ఏమేం పనులొస్తయి?" అని. మా బాపు ఛాతీ విరుచుకుని, "పుట్టి నడుపుతది" అన్నాడట. అదేమిటో అత్తకు తెలియదు. అడిగితే చిన్నతనమని, అదేదో పనికొచ్చే విద్యే అయి ఉంటుందని తల ఊపేసింది.

పుట్టి అంటే పెద్ద వెదురు బుట్ట. అయిదారుగురు కూర్చోవచ్చు. అడుగున తోలు కప్పుతారు, నీళ్ల మీద తేలుతుంది. దానికి ముందు లేదు, వెనుక లేదు. తెడ్డు వేయడం చేతకానివాళ్లు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. నేను ఎనిమిదేళ్ల వయసు నుంచే నది మీద దాన్ని నడిపాను. గొప్పలు కాదు, నిజం.

అత్తగారి పొలం చెరువుకు అవతల ఉండేది. వానలకు చెరువు నిండితే కట్ట మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. నెత్తిన సద్ది గంప, కాళ్ల కింద నల్లరేగడి బురద. మొదటి రెండు వానాకాలాల్లో నేను ఎన్నిసార్లు జారిపడ్డానో లెక్కే లేదు. పడ్డప్పుడల్లా అంబలి నా మీదే. తల్లిగారింటికి పోయి ఏడ్చాను. మా బాపు మూడో ఏడు దసరా పోగానే ఎడ్లబండి మీద ఒక పుట్టిని వేసుకుని వచ్చాడు. కందుకూరులో జనం బండి ఆపి, "ఎవరి పెండ్లే అన్నా, గింత పెద్ద వంట దేగిస తీసుకపోతున్నవ్?" అని అడిగారట.

మా ఊరు కూడా తక్కువ నవ్వలేదు. అందరి కోడళ్లకూ సారె కింద చీరలొస్తే ఈమెకు బుట్ట వచ్చిందన్నారు. అత్త అందరికంటే గట్టిగా నవ్వింది. కానీ పొయ్యి మీంచి దించిన అంబలిని ఇంకా వేడిగా ఉండగానే నేను అవతలి ఒడ్డుకు చేర్చేసరికి నవ్వు మానేసింది. మూడో రోజు తానే ఎక్కుతానంది.

ఎక్కించే ముందు నా షరతులు నాకు ఉండేవి. అంచు మీద కాలు పెట్టకూడదు, నడుమ పెట్టాలి. లేచి నిలబడకూడదు. కొంగ కనబడిందని అందరూ ఒకే పక్కకు వంగకూడదు. ఈత రానివాళ్లు రెండు ఎండిన ఆనపకాయ బుర్రలు నడుముకు కట్టుకోవాలి. మా అత్త ముందు రెండు, వెనుక రెండు కట్టుకునేది. ఆ వేషంలో ఆమె సంతకు పోతున్న కూరగాయల గంపలా ఉండేది. ఈ మాట అప్పుడు పైకి అనలేదు లెండి, అదే ఇంట్లో బతకాలి కదా.

పైకి అనడానికి నాకు నోరు కూడా లేదు. అప్పట్లో మా ఇళ్లలో కోడలు మామతో మాట్లాడకూడదు. ఎదురుపడితే కొంగు ముందుకు లాక్కుని పక్కకు తప్పుకోవాలి. ఇంకొంచెం అన్నం పెట్టనా అన్న మాట కూడా అత్తతోనే అడిగించాలి. పరాయి మగవాళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. తల్లిగారింట్లో నా గొంతు అవతలి ఒడ్డుకు వినబడేది. ఇక్కడ పక్కగదికి కూడా వినబడకుండా మూడేళ్లు గడిపాను. ఎలా గడిపానో ఆ దేవుడికే తెలియాలి.

గొడవ ఈతగాళ్లతో వచ్చింది. మధ్యాహ్నం పూట ఊరి మగవాళ్లు తూము దగ్గర ఈత కొట్టేవారు. నా దారీ అదే. ఒకరోజు మా ఆయన మేనబావ తూము రాయి మీంచి దూకి, నీళ్ల లోపలే ఈదుకుంటూ వచ్చి, సరిగ్గా నా పుట్టి కింద తల పైకెత్తాడు. దబ్బున కొట్టుకుంది. నిమ్మకాయంత బొప్పి కట్టింది. "సడక్ మీద బండ్లకు భయపడాలె, చెరువుల గుడ బుట్టలకు భయపడాల్నా?" అని ఊరంతా లొల్లి చేశాడు. అతనే వచ్చి కొట్టుకున్నాడని నేను చెప్పేదెలా?

ఆ సాయంత్రం మా అరుగు మీద పంచాయితీ పెట్టారు. మా మామ ఊళ్లో పెద్దమనిషి, మాటలు తక్కువ. అందరూ చెప్పింది విని తేల్చేశాడు. "ఈతగాండ్లు తూము దిక్కు ఉండుండ్రి. పుట్టి తుమ్మచెట్ల దిక్కుకెళ్లి పోతది. ఆడివిల్ల మొగోళ్లను కేకేసి పిలువది గద, పుట్టికి గంట కట్టుండ్రి. గంట ఇనవడితే అందరు జరగాలె. ఇంకొక్కసారి ఎవనికన్న పుట్టి తాకిందా, ఇగ అది కోళ్లగూటికి కప్పే."

కోళ్లగూటికి కప్పు! నేను భయపడింది బురదలో నడవాల్సి వస్తుందని కాదు. నాకు చేతనవునని ఆ ఊళ్లో నలుగురూ ఒప్పుకున్న పని అదొక్కటే. అది పోతే నేను మళ్లీ తలుపు చాటున నిలబడే మనిషినే.

పహాడీ షరీఫ్ దర్గా ఉర్సులో కొన్న ఎద్దు గంట ఒకటి ఇంట్లో ఉంటే దాన్నే పుట్టి అంచుకు కట్టారు. పరీక్ష కూడా పెట్టారు. ఊరంతా కట్ట మీద వరుసగా నిలబడింది. నేను నడిచెరువులో గంట ఊపాను. "ఇనవడ్డదా?" అని ఒకరు, "బరాబర్ ఇనవడ్డది!" అని అందరూ. మామ కూడా తల ఊపాడు. ఇంతమంది బుద్ధిమంతులు చేరారే, ఒక్కరికైనా తట్టలేదు చూడండి, తామంతా పొడి చెవులతో గట్టు మీద నిలబడి వింటున్నామని.

ఎందుకంటే మా మామకు ఒక అలవాటు. మధ్యాహ్నం తిన్నాక చెరువులో వెల్లకిలా తేలుతూ పడుకుంటాడు. కాళ్లూ చేతులూ చాపి, కళ్లు మూసుకుని, రెండు చెవులూ నీళ్లలో పెట్టి. కునుకు కూడా తీసేవాడు. నీళ్ల మీద గురక పెట్టే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, గాసునూనె నుంచి గుడ్డ దాకా అన్నిటికీ కంట్రోలు. మా మామ నిద్రకు మాత్రం ఏ కంట్రోలూ లేదు.

వరికోతలకు ముందు ఒక మధ్యాహ్నం పుట్టిలో నేనూ అత్తా పోతున్నాం. ఉన్నట్టుండి గాలి లేచింది. ఇద్దరమే ఉన్నాం కాబట్టి పుట్టి తేలిగ్గా ఉంది, ఎంత తెడ్డు వేసినా తూము వైపే కొట్టుకుపోతోంది. అటు మా మామ కూడా అంతకుముందే నిద్రలో మెల్లగా తేలుతూ తన హద్దు దాటి వచ్చేశాడు. ఆ హద్దు పెట్టింది ఆయనే!

"అగో, మీ మామ! గంట ఊపు, గంట ఊపే!" అంది అత్త. చేతులు పీకేలా ఊపాను. ఒడ్డున మేస్తున్న బర్రెలు తలెత్తి చూశాయి. తూము దగ్గర మగవాళ్లు బుద్ధిగా పక్కకు జరిగారు. మామ మాత్రం కదల్లేదు. మొగుడి పేరు అత్త నోటితో అనకూడదు కదా, "ఓ పెద్దోని నాయినా! ఓ! నిన్నే!" అని గొంతు చించుకుంది. నీళ్లలో ఉన్న చెవికి పెద్దోని నాయినైతేనేం, చిన్నోని నాయినైతేనేం?

నిద్రలో ఉన్న మనిషిని పుట్టి తాకితే ఉలిక్కిపడి నీళ్లు మింగుతాడు, పుట్టి కిందికి పోతాడు. అట్లా పోయినవాళ్లు పైకి రావడం ఎంత కష్టమో మా నది దగ్గర చూశాను. తెడ్డు పారేసి దూకాను. అంచు పట్టుకుని వెనక్కి తన్నాను. కొంచెం నెమ్మదించింది గానీ ఆగలేదు. ఇక లాభం లేదని దాన్ని వదిలేసి, రెండు బారలు ఈది, మామ జుట్టు దొరకబుచ్చుకుని తల పైకి లేపాను.

"మామా! లెవ్వు మామా! పుట్టి మీదికొస్తున్నది!"

మామ కళ్లు తెరిచాడు. మూడేళ్లుగా కొంగు చాటున తప్ప కనబడని కోడలు, జడ ఊడిపోయి, జుట్టు పట్టుకుని, మొహంలో మొహం పెట్టి అరుస్తోంది. పాపం, బెదిరిపోయి ఒక మునక వేశాడు. నేను పక్కకు లాగుతుండగానే పుట్టి వచ్చి అంచుతో ఆయన భుజాన్ని రాసుకుంటూ పోయింది. దెబ్బేమీ కాదు. కానీ తాకింది. తూము దగ్గరున్న వాళ్లంతా చూశారు. మా అత్త పుట్టిలో గిరగిరా తిరుగుతూ, "నన్నెవలన్న ఆపుండ్రి!" అని కేకలు పెడుతూ కూడా చూసింది.

సాయంత్రం మళ్లీ అరుగు నిండింది. మేనబావ ఎప్పుడో మానిపోయిన బొప్పి తడుముకుంటూ ముందు కూర్చున్నాడు. నేను తలుపు చాటున నిలబడి ఏడుస్తున్నాను, దాచేదేముంది. అత్త అయినా నా తరఫున ఒక మాట అంటుందనుకున్నాను. "తాకింది. నా కండ్లతోని చూసిన. మాటంటే మాటనే" అంది. అందరూ మామ వైపు తిరిగారు.

మామ చుట్ట పక్కన పెట్టాడు.

"తాకింది," అన్నాడు. "కోళ్లగూటికి వేరే కప్పు ఏస్త."

"గదేంది? నువ్వన్న మాటనే గద!" అంది అత్త.

మామ తలుపు వైపు చూడకుండానే చెప్పాడు. "ఈ పిల్ల మనింటికొచ్చి మూడేండ్లాయె. మనమంటే ఇష్టం లేదేమో, తెచ్చి గోస పెడుతున్ననేమో అని లోపల్లోపల పరేషాన్ అయితున్న. ఇయ్యాల మామా అని పిలిచింది. పుట్టి తీసేస్తే మల్ల ఎన్నడు పిలుస్తది?"

నేను కళ్లు తుడుచుకుని, తలుపు దాటి, అందరి ముందుకూ వచ్చాను.

"మామా, భుజం నొస్తున్నదా?" అని అడిగాను.

"భుజం కాదు బిడ్డా," అన్నాడు, "జుట్టు నొస్తున్నది."