ముందు పెట్టెను లేపాలె

మా చాచా పోయారన్న మాట నాగేపల్లిలో నాకు సిరోంచ బస్సు కండక్టర్ చెప్పాడు. "అక్కా, మీ కంప్యూటర్ చాచా పోయిండట" అని విజిల్ ఊదాడు. బస్సు వెళ్ళిపోయింది.

చాచా మాకు చుట్టం కాదు, గోడ పక్క ఇల్లు. ప్రాణహిత నది ఒడ్డున మా సిరోంచలో టైపు నేర్పేవారు. ఆడపిల్లల్ని నాగపూర్ పంపే ధైర్యం మా ఇళ్ళలో లేదని, ఆయనే కంప్యూటర్‌ను ఊరికి తెచ్చారు. ఫ్లాపీలు నది చెమ్మకు పాడవుతుంటే హార్డ్ డిస్క్ ఉన్న విడి పెట్టె ఒకటి తెప్పించారు. దానికి వేరే స్విచ్, వేరే ఎర్ర దీపం, వెనక నుంచి కంప్యూటర్‌కు వేలెడు లావు కేబుల్. రెండూ ఆర్పి ఉన్నప్పుడే కేబుల్ తగిలించాలి. పెట్టె స్విచ్ ముందు వేసి, అది గిర్రున తిరగడం అందుకున్నాకే కంప్యూటర్‌ది వేయాలి. మేం తారుమారు చేస్తే నవ్వేవారు.

"ముందు పెట్టెను లేపాలె బేటీ. నిద్రల ఉన్నోన్ని పిలిస్తే పలుకుతడా?"

ఆలస్యంగా వెళ్తే "పెట్టె లేచింది, గీమె లేవలే" అని ఆటపట్టించేవారు. నా చదువు కోసం అంత పంతం పట్టిన మనిషి ఇంకొకరు లేరు.

ఆయన దగ్గర నేర్చుకునే మేం ఐదుగురు ఆడపిల్లలం చేసిన పనంతా ఆ పెట్టెలోనే ఉండేది. అహేరి పరీక్షలో అది చూపిస్తేనే సర్టిఫికెట్. వస్తే కొలువు, రాకపోతే పెళ్ళి. మా ఇళ్ళలో మాట అంతే.

పరీక్ష దగ్గరపడ్డ ఆ వానాకాలం ప్రాణహిత ఇళ్ళలోకి వచ్చింది. చాచా బియ్యం సంచులు వదిలేసి కంప్యూటర్‌ను అటకెక్కించారు. పెట్టె కోసం దిగేసరికి అది మునిగింది. వరద తీశాక మా ఊళ్ళో అన్నీ ఎండబెడతాం: వడ్లు, పరుపులు, పెళ్ళి ఫోటోలు. ఎండితే బతికినట్టే అనుకుంటాం. పెట్టెనూ వడ్ల పక్కన చాప మీద పెట్టాం. కోళ్ళు తొక్కకుండా చాచా కర్ర పట్టుకుని కూచున్నారు. సాయంత్రానికి పైన ముట్టుకుంటే పొడిగా ఉంది.

"జర ఆగుండ్రి. లోపల తడి ఉంటది" అంది చాచా భార్య, మా చాచి.

"పరీక్ష ఆగుతదా?" అన్నారు చాచా.

కేబుల్ తగిలించి స్విచ్ వేశారు. ఎర్ర దీపం వెలిగింది. పెట్టె గిర్రున తిరగలేదు, టిక్కు టిక్కుమంది. ఏదో మాడిన వాసన. కంప్యూటర్ వేస్తే డిస్క్ లేదంది. కేబుల్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే.

పరీక్ష పోయింది. ఇంకో ఏడాది ఆగడానికి ఇళ్ళలో ఒప్పుకోలేదు, నలుగురికి పెళ్ళిళ్ళయ్యాయి. పెళ్ళి వద్దని నేను నాగేపల్లి బాలవాడిలో పనికి చేరాను. క్లాసు మూతపడింది. చాచా మాత్రం రోజూ పొద్దున పెట్టెను లేపి చూసేవారట. ఓదార్చబోతే "నది ముంచలే. నేనే ముంచిన" అనేవారు. ఆయన మీద నాకు ఏనాడూ కోపం లేదు. అలాగని చెప్పినా వినలేదు. ఆ దిగులుతోనే పోయారు, దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

పరామర్శకు వెళితే చాచి నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి, గుడ్డ తీసి, పెట్టె స్విచ్ వేసింది. ఎర్ర దీపం వెలిగింది. అలవాటుగా నా చెయ్యి కంప్యూటర్ వైపు వెళితే పట్టుకుని ఆపింది.

"వద్దు బిడ్డా. గా కంప్యూటర్ వేస్తే డిస్క్ లేదంటది."

ఇద్దరం చాప మీద కూచున్నాం. పెట్టె టిక్కు టిక్కుమంటూనే ఉంది. కరెంటు పోయేదాకా ఆ ఎర్ర దీపం చూస్తూ అలాగే ఉండిపోయాం.